తులూజ్ నుంచి సెత్ వరకు కాలువ గట్టున సైకిల్ ప్రయాణం: రోజుకు ఎంత దూరం, ఏ టైరు, ఎక్కడ గట్టు దిగాలి

డబ్లిన్‌లో ఉంటున్న మీ దంపతులు సెప్టెంబరు రెండో పక్షంలో వారం రోజులు సెలవు పెట్టి, ఫ్రాన్స్ దక్షిణాన కనాల్ దు మిదీ వెంట తులూజ్ నుంచి సెత్ దాకా సైకిళ్ళ మీద వెళ్ళాలనుకుంటున్నారు. దారంతా చదునే కాబట్టి రోజుకు 80 కిలోమీటర్లు పెట్టుకుని నాలుగు రోజుల్లో ముగించవచ్చా, ద్రాక్ష తోటలు కాలువ మీద నుంచే కనిపిస్తాయా, శాకాహారులకు ఇబ్బంది అవుతుందా అన్నవి మీ ప్రశ్నలు. నేను తులూజ్‌లో చాలా ఏళ్ళుగా ఉద్యోగం చేస్తున్నాను, ఈ గట్టు మీద అన్ని కాలాల్లోనూ తిరిగాను. ముందుగా సూటిగా చెప్పాలంటే 80 వద్దు. మొదటి రోజు, చివరి రోజు తప్పిస్తే రోజుకు 40, 45 కిలోమీటర్లకు మించి పెట్టుకోకండి. ఈ దారిలో మనిషిని అలసిపోయేలా చేసేది ఎత్తు కాదు, నేల. పైగా మీరు చూడాలనుకుంటున్న ద్రాక్ష ఊళ్ళలో సగం గట్టు మీద లేవు.

చదును అన్న మాట మాత్రం నిజమే. తులూజ్ దగ్గర కాలువ సముద్ర మట్టానికి 132 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడి నుంచి 50 కిలోమీటర్లకు పైగా వెళ్ళాక నొరూజ్ అనే కనుమ దగ్గర 189 మీటర్లకు చేరుతుంది, అక్కడి నుంచి మధ్యధరా దాకా దిగుడే. పడవలను ఒక నీటి మట్టం నుంచి ఇంకో మట్టానికి ఎక్కించి దించే తలుపుల గదులే లాకులని గోదావరి డెల్టా వాళ్ళకు వివరించనక్కర్లేదు కానీ, ఈ కాలువకూ మన డెల్టా కాలువలకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మన కాలువలు ఆనకట్ట దగ్గర బయలుదేరి సముద్రం వైపు దిగుతూ పోతాయి. ఇది ఒక వైపు నుంచి మిట్ట ఎక్కి రెండో వైపు దిగుతుంది. అలాంటి కాలువకు నీళ్ళు మిట్ట నడినెత్తికి అందాలి, లాకు తెరిచిన ప్రతిసారీ అక్కడి నీళ్ళు రెండు వైపులకూ జారిపోతూనే ఉంటాయి. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి తేవాలో తేలకపోవడం వల్లే అట్లాంటిక్‌నూ మధ్యధరానూ కలపాలన్న పాత ఆలోచనలు కాగితం మీదే ఉండిపోయాయి. ఉప్పు పన్ను వసూలు చేసే గుత్తేదారు పియేర్ పోల్ రికే, ఉత్తరాన ఉన్న నల్లకొండల వాగులను పిల్లకాలువలతో మళ్ళించి నొరూజ్‌కు తేవచ్చని తేల్చాడు. 1666లో ఫ్రాన్స్ రాజు 14వ లూయీ అనుమతి ఇచ్చాడు, 1681లో కాలువ మీద రాకపోకలు మొదలయ్యాయి. రికే ఆ మొదటి పడవను చూడలేదు. అంతకు కొన్ని నెలల ముందే, 1680 అక్టోబరులో, సొంత డబ్బు కూడా ఈ పనిలో పోసి అప్పుల్లో చనిపోయాడు. కూలీలకు నెల జీతాలిచ్చి, వాన పడి పని ఆగిన రోజులకు కూడా లెక్క కట్టి ఇచ్చాడని అప్పటి కాగితాలు చెబుతాయి. నొరూజ్‌లో ఆగినప్పుడు రికే స్మారక స్తంభాన్ని చూసి వెళ్ళిపోకుండా, పిల్లకాలువ వచ్చి కలిసే చోటు దాకా నడవండి. అక్కడికి చేరిన నీళ్ళలో కొన్ని అట్లాంటిక్ వైపు, కొన్ని మధ్యధరా వైపు పోతాయి.

ఇక నేల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రయాణ పథకాలు బెడిసికొట్టేది ఇక్కడే. తులూజ్ నుంచి నొరూజ్ చుట్టుపక్కల వరకు గట్టు మీద తారు వేసిన మంచి సైకిల్ దారి ఉంది, అక్కడ గంటకు 18 కిలోమీటర్ల వేగం సులువుగా వస్తుంది. ఓద్ జిల్లాలోకి అడుగుపెట్టగానే నేల మారుతుంది. కొంతసేపు కంకర, కొంతసేపు గట్టి మట్టి, ఆ తరువాత గడ్డి మధ్య ఒకే ఒక్క టైరు పట్టేంత సన్నని బాట వస్తాయి. ఒక్కో చోట చెట్ల వేళ్ళు అరచేతి ఎత్తున పైకి లేచి, బాటకు అడ్డంగా వరసగా ఉంటాయి. సంచులు వేలాడే సైకిల్‌తో ఆ వేళ్ళ మీద పోతున్నప్పుడు వేగం గంటకు 10 కిలోమీటర్లకు పడిపోతుంది, సాయంత్రానికి మణికట్లు తిమ్మిరెక్కుతాయి. కొన్ని భాగాలను ఈ మధ్య బాగు చేశారు, ఇంకా చేస్తున్నారు. అయినా తులూజ్ దగ్గరి దారిని చూసి మిగతాదంతా అలాగే ఉంటుందని లెక్క వేసుకోకూడదు. వాన పడితే ఆ బంకమట్టి మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ఇరుక్కుని చక్రం తిరగనివ్వదు. అలాంటి రోజున పంతానికి పోకుండా పక్కన ఉండే చిన్న తారు రోడ్లు పట్టుకోండి, అవి దాదాపు అన్ని చోట్లా కాలువకు దగ్గరలోనే సాగుతాయి.

అందువల్ల రేసు సైకిళ్ళు ఈ ప్రయాణానికి పనికిరావు. మీకున్న హైబ్రిడ్ సైకిళ్ళు సరిపోతాయి కానీ, టైరు వెడల్పు కనీసం 37 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి, ఫ్రేము ఒప్పుకుంటే 42 ఇంకా మంచిది. గాలి గట్టిగా కొట్టకుండా కొంచెం మెత్తగా ఉంచితే వేళ్ళ మీద కుదుపు తగ్గుతుంది. మన పొలాల్లో కాళ్ళకు గుచ్చుకునే పల్లేరు కాయలు ఇక్కడ కూడా ఉంటాయి, అదే మొక్క. ఎండాకాలం చివర అవి ఎండి, సముద్రానికి దగ్గరలోని ఇసుక నేలల్లో దారి పక్కన రాలి ఉంటాయి. సైకిల్‌ను గట్టు పక్క గడ్డిలో పడుకోబెట్టి భోజనం చేసి లేచేసరికి రెండు చక్రాల్లోనూ గాలి పోయి ఉండడం ఆ ప్రాంతంలో మామూలే. సైకిల్‌ను ఎప్పుడూ దారి మీదే నిలబెట్టండి. ముల్లు కనబడితే పీకే ముందు దగ్గరలో నీడ ఉందేమో చూసుకోండి, పీకగానే గాలి దిగిపోతుంది. మనిషికి రెండు ట్యూబులు, అతుకుల డబ్బా, చేతి పంపు తప్పనిసరి. మధ్యలో ఊళ్ళున్నా సైకిల్ దుకాణాలు మాత్రం కార్కసోన్, నార్బోన్, బెజియే వంటి పట్టణాల్లోనే దొరుకుతాయి.

నీడ గురించి కూడా ఒక మాట. ఈ కాలువ బొమ్మల్లో కనిపించే, చినార్ జాతికి చెందిన ప్లేన్ చెట్ల పందిరి రికే కాలం నాటిది కాదు, ఎక్కువ భాగం 19వ శతాబ్దంలో నాటినది. మొత్తం 42,000 దాకా ఉండేవి. 2006లో కార్కసోన్ దగ్గర విల్దుబేర్ అనే ఊళ్ళో వీటికి ఒక శిలీంధ్రపు తెగులు కనబడింది. చెట్టు లోపల నీళ్ళు ఎక్కే నాళాలను అది మూసేస్తుంది, కొన్నేళ్ళలోనే చెట్టు నిలువునా ఎండిపోతుంది. దానికి మందు లేదు. వేళ్ళ ద్వారా పక్క చెట్టుకు, నీళ్ళ ద్వారా దిగువ చెట్లకు పాకుతుంది, గట్టుకు పడవలు ఒరుసుకున్నప్పుడు వేళ్ళకయ్యే గాయాల్లోంచి లోపలికి దిగుతుంది. అందుకే తెగులు సోకిన చెట్లనే కాక వాటి చుట్టుపక్కల చెట్లను కూడా కొట్టి, అక్కడికక్కడే కాల్చేస్తున్నారు. ఇప్పటికే వేల చెట్లు పోయాయి, వాటి చోట వేరే జాతుల మొక్కలు నాటారు, అవి నీడనిచ్చేందుకు ఇంకా చాలా ఏళ్ళు పడుతుంది. మీకు సంబంధించినంత వరకు దీని అర్థం ఏమిటంటే, కార్కసోన్ దాటాక కిలోమీటర్ల కొద్దీ బట్టబయలుగా ఉండే చోట్లు వస్తాయి. మధ్యాహ్నం 2 నుంచి 4 వరకు అక్కడ తొక్కకుండా ఉండేలా రోజును అమర్చుకోండి.

తులూజ్ నుంచి సెత్ వైపుకే వెళ్ళాలా, అటు నుంచి ఇటు రావచ్చా అని కూడా అడిగారు. తులూజ్ నుంచే బయలుదేరండి. దానికి కారణం గాలి. ఓద్ లోయలో ఎక్కువ రోజులు వాయవ్యం నుంచి సెర్స్ అనే గాలి వీస్తుంది, అది మిమ్మల్ని వెనక నుంచి తోస్తుంది. దానికి ఎదురుగా సెత్ నుంచి వచ్చేవాళ్ళు చదును నేల మీద కొండ ఎక్కుతున్నంత కష్టపడడం నేను ఎన్నోసార్లు చూశాను. ఆగ్నేయం నుంచి వచ్చే ఓతాన్ గాలి లొరాగే మైదానంలో, అంటే తులూజ్ నుంచి కస్తెల్నోదరి మధ్యలో, కొన్ని రోజులు వరసగా వీస్తుంది. అది మీకు ఎదురుగాలి అవుతుంది. వాతావరణ సూచనలో ఓతాన్ ఉందని తెలిస్తే మొదటి రోజు తెల్లవారుజామునే బయలుదేరండి, లేదా కస్తెల్నోదరి వరకు రైలెక్కండి. రైలెక్కితే పోయేదేమీ లేదు, ఎందుకంటే ఆ భాగంలో ద్రాక్ష తోటలు లేవు. గోధుమ చేలు, పొద్దుతిరుగుడు చేలు మాత్రమే ఉంటాయి, సెప్టెంబరు చివరికి అవి కూడా కోసేసి దున్ని ఉంటాయి.

ద్రాక్ష అసలు రూపం కార్కసోన్ దాటి ట్రెబ్ వైపు సాగినప్పుడు మొదలవుతుంది. హైదరాబాదు చుట్టుపక్కల ఒకప్పుడు ఉండిన అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు మీ మనసులో ఉంటే, ఇక్కడి తోటలు చూసి ఆశ్చర్యపోతారు. తలెత్తి చూసే పందిరి కాదిది. నడుము ఎత్తుకు మించని ద్రాక్ష మొక్కలు ఇనుప తీగల కంచె మీద వరసలుగా ఉంటాయి. కరిన్యాన్ అనే ద్రాక్ష రకం పాత తోటల్లో ఆ కంచె కూడా ఉండదు, మోకాలెత్తు మోడు నుంచి నాలుగైదు కొమ్మలు గిన్నె ఆకారంలో విచ్చుకుని, ఒక్కో మొక్క విడిగా నిలబడి ఉంటుంది. నేల చూస్తే గులకరాళ్ళే, ఇంత ఎండిన రాతి నేలలో ఏం పండుతుందని అనిపిస్తుంది.

ఈ తోటల్లో మీకు తెలిసిన వస్తువు ఒకటి కనబడుతుంది. ఆకుల మీద, ఒక్కోసారి మోళ్ళ మీద కూడా, నీలం ఆకుపచ్చ కలిసిన పొడి మరకలు ఉంటాయి. మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టిన మందు అది, మన రైతులు నిమ్మ తోటల్లోనూ తమలపాకు తోటల్లోనూ వాడే బోర్డో మిశ్రమమే. బోర్డో అన్న పేరు ఫ్రాన్స్ నైరుతిలో ఉన్న నగరానిదే. అక్కడి మెదోక్ ప్రాంతంలో దారిన పోయేవాళ్ళు పళ్ళు కోసుకోకుండా రైతులు రోడ్డు పక్క వరసలకు ఈ మిశ్రమం పూసేవాళ్ళు, చూడగానే విషమనిపించాలని. మిగతా తోట బూజు తెగులుతో ఆకు రాల్చుకుంటే రోడ్డు పక్క మొక్కలు మాత్రం పచ్చగా నిలవడం వృక్షశాస్త్రజ్ఞుడు మిల్లార్దే గమనించి, ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. దారిన పోయే సైకిల్ ప్రయాణికులకు ఈ కథలో ఉన్న హెచ్చరిక ఇప్పటికీ వర్తిస్తుంది. గుత్తి ఎంత నోరూరించినా కోయకండి. అది దొంగతనం కిందికి వస్తుందన్నది ఒకటి, ఏ మందు ఎప్పుడు కొట్టారో మీకు తెలియదన్నది రెండోది. కావాలంటే సంతలో కిలో లెక్కన కొనుక్కోవచ్చు.

గట్టు దిగవలసిన చోటు ఓంప్స్. కార్కసోన్ నుంచి కాలువ వెంట సుమారు 40 కిలోమీటర్లు. ఒకప్పుడు ద్రాక్షసారా పీపాలు పడవలకెక్కించిన రేవు ఇది. ఇక్కడ రెండు రాత్రులు ఉండి, మధ్య రోజున బరువు సంచులు గదిలో వదిలేసి మినెర్వ్‌కు వెళ్ళి రండి. ముందు 3 కిలోమీటర్లలో ఒలొంజాక్ వస్తుంది, మంగళవారం అయితే అక్కడ పెద్ద సంత. తరువాత అజిల్లానే మీదుగా దారి మెల్లగా ఎక్కుతూ, ద్రాక్ష వరసలు పోయి పొదలు, సున్నపు రాయి వచ్చేస్తాయి. మీ ప్రయాణం మొత్తంలో నిజమైన ఎక్కుడు ఇదొక్కటే. రెండు వాగులు కోసిన లోయల మధ్య రాతి నాలుక మీద ఉంటుంది మినెర్వ్. 1210లో సీమోన్ ద మోంఫోర్ నడిపిన క్రూసేడు సైన్యం ఆ ఊరిని ముట్టడించి, లొంగిపోయాక మతం మార్చుకోవడానికి ఒప్పుకోని 140 మంది దాకా కతార్లను, అంటే రోమన్ చర్చి మతభ్రష్టులుగా చూసిన ఒక క్రైస్తవ శాఖ వాళ్ళను, సజీవంగా కాల్చింది. ఊళ్ళో దానికి ఒక చిన్న రాతి గుర్తు ఉంది, అందులో పావురం ఆకారం తొలిచి ఉంటుంది. తిరుగు దారిలో బ్రేకులు నొక్కుకుంటూ దిగేటప్పుడు మినెర్వ్వా ప్రాంతమంతా మెట్లు మెట్లుగా కాలువ దాకా పరుచుకుని కనబడుతుంది. గట్టు మీద ఎన్ని రోజులు తిరిగినా ఆ దృశ్యం దొరకదు, ఎందుకంటే కాలువ ఎప్పుడూ లోయ అడుగునే ఉంటుంది. నా ఉద్దేశంలో ఈ ఒక్క రోజు కోసమైనా నాలుగు రోజుల పథకాన్ని ఏడు రోజులకు పెంచాలి.

ఓంప్స్ దాటాక ఆర్జాన్ దగ్గర ఒక లాకు వస్తుంది. దాని తరువాత బెజియే వరకు 54 కిలోమీటర్ల పొడవునా ఇంకొక లాకు లేదు. ఒకే మట్టాన్ని నిలబెట్టుకోవడం కోసం రికే కాలువను కొండల అంచుల వెంట మెలికలు తిప్పుతూ తీసుకుపోయాడు. ఎదురుగా కపెస్తాంగ్ చర్చి గోపురం కనబడుతుంది, గంటసేపు తొక్కినా అది దగ్గరకు రాదు, ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు తేలుతుంది. తొందర ఉన్నవాళ్ళు రోడ్డు మీద పోతే దూరం చాలా తగ్గుతుంది కానీ, ఇక్కడ తొందరపడకండి, నాకు ఈ కాలువలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మధ్యలో రెపూద్ర్ వాగు మీదుగా 1676లో కట్టిన వంతెన ఉంది, కాలువే వాగును దాటుతుంది, మీరూ దాని పక్కన దాటుతారు. పక్కన బోర్డు పెట్టి చెప్పకపోతే చాలామంది గమనించకుండానే పోతారు. లె సొమాయ్ అనే ఊళ్ళో గూని వంతెన దగ్గర కాఫీకి ఆగండి.

ఆ తరువాత వచ్చే అర్జెలియే పెద్దగా చూడడానికి ఏమీ లేని ఊరు. అయితే ఈ ప్రాంతం ఎలా బతికిందో తెలుసుకోవాలంటే ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. 1907 మార్చిలో ఈ ఊరి నుంచి 87 మంది రైతులు, కాఫీ హోటల్ నడిపే మార్సెలాన్ అల్బేర్ వెంట, నార్బోన్‌కు నడిచారు. పంచదార నీళ్ళతో కల్తీ వైన్ తయారుచేసేవాళ్ళ వల్ల ధర పడిపోయి, పండించిన పంట కొనే దిక్కు లేక మురిగిపోతోందని వాళ్ళ గోడు. జూన్ నాటికి మోంపెల్యే సభకు లక్షల మంది వచ్చారు. నార్బోన్‌లో సైన్యం కాల్పులు జరిపి మనుషులను చంపింది. స్థానిక కుర్రాళ్ళతో నిండిన 17వ పదాతి దళం తిరుగుబాటు చేసి బెజియేకు వచ్చేసింది. ఆ జూన్ చివరనే కల్తీని అడ్డుకునే చట్టం వచ్చింది. ఊరూరా మీరు చూడబోయే సహకార సంఘాల పెద్ద పెద్ద వైన్ భవనాలు చాలావరకు ఆ తరువాతి దశాబ్దాలవే. చిన్న రైతు ఒక్కడే వర్తకుడి చేతిలో నలగకుండా పళ్ళు తెచ్చి ఒకే చోట పోసే పద్ధతి అది. సెప్టెంబరు రెండో పక్షంలో వెళితే ట్రాక్టర్లు వరసగా నిలబడి పళ్ళు తూకానికి పోస్తూ ఉంటాయి, వీధంతా పులిసిన వాసన. ఇరుకు రోడ్లలో ఆ ట్రాక్టర్లకు పక్కకు తప్పుకుని దారి ఇవ్వండి, వాళ్ళకు అది ఏడాదిలో అన్నిటికన్నా తొందర ఉన్న నెల. యంత్రాలతో కోత చాలాచోట్ల పళ్ళు చల్లగా ఉండాలని రాత్రిపూటే జరుగుతుంది, తోట పక్క గది తీసుకుంటే నిద్ర సంగతి ముందే ఆలోచించుకోండి.

రుచి చూడడం గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. ఫ్రాన్సులో రక్తంలో లీటరుకు 0.5 గ్రాముల మద్యం పరిమితి సైకిల్ తొక్కేవాళ్ళకు కూడా వర్తిస్తుంది. రుచి చూసే గదుల్లో ఉమ్మడానికి ఒక పాత్ర పెడతారు, దాన్ని వాడడం అమర్యాద కాదు, వృత్తిలో ఉన్నవాళ్ళందరూ అదే చేస్తారు. మీలో ఒకరు తాగరని రాశారు, వాళ్ళకు ద్రాక్ష రసం అడిగితే చాలా చోట్ల ఇస్తారు. సీసాలు కొని సంచుల్లో వేసుకోకండి, వేళ్ళ మీద కుదుపుకు అవి బతకవు. పార్సెల్ పంపే సదుపాయం ఉందేమో అడగండి.

మల్పాస్ దగ్గర కాలువ గుట్ట కిందుగా దూరిపోతుంది. 1679లో తవ్విన ఈ సొరంగం పొడవు 165 మీటర్లు. మీ దారి గుట్ట మీదుగా ఎక్కి దిగుతుంది. అక్కడ సైకిల్‌కు తాళం వేసి ఆన్సెరూన్ శిఖరం మీదికి వెళ్ళి ఉత్తరం వైపు చూడండి. 13వ శతాబ్దంలో నీళ్ళు తోడి పొలాలుగా మార్చిన మొంతాది చెరువు, చక్రపు ఆకుల్లా మధ్య నుంచి చీలిన పొలాలతో, పూర్తి గుండ్రంగా కనబడుతుంది. ఆ చెరువు నీళ్ళు బయటకు పోయే తూము కూడా ఇదే గుట్ట కింద ఉంది, 19వ శతాబ్దపు రైలు సొరంగం కూడా ఇక్కడే ఉంది. ఒకే గుట్టలో మూడు కాలాల తవ్వకాలు ఒకదాని కింద ఒకటి. ఇంకో గంటలో బెజియే, అక్కడ ఫోన్సెరాన్ లాకులు. 300 మీటర్ల పొడవులో 8 గదులు మెట్లుగా కట్టారు, పడవ 21 మీటర్లకు పైగా దిగుతుంది. లాకు గోడలు బయట మట్టి వైపుకు వంపు తిరిగి, గది కోడిగుడ్డు ఆకారంలో ఉండడం గమనించండి. మొదట్లో తిన్నగా కట్టిన గోడ మట్టి ఒత్తిడికి కూలిపోయాక, వంతెన కమాను సూత్రాన్ని పక్కకు తిప్పి వాడారు.

శాకాహారం విషయంలో మీ భయం నిరాధారం కాదు. కస్తెల్నోదరి ప్రసిద్ధ వంటకం కసూలే, చూడడానికి చిక్కుడు గింజల కూరలా ఉంటుంది, అందులో బాతు, పంది మాంసం ఉంటాయి. సెత్‌లో చిన్న కచోరీలా కనిపించే టియెల్ లోపల ఆక్టోపస్ ఉంటుంది. మేకపాల చీజ్ వేసిన సలాడ్ సురక్షితం అనుకుంటాం, దాని మీద పంది మాంసపు ముక్కలు చల్లి తెస్తారు, బంగాళాదుంపలు బాతు కొవ్వులో వేయిస్తారు. కాబట్టి శాకాహారి అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా, ‘సాన్ వియాంద్, సాన్ పువస్సోన్, సాన్ లార్దోన్’ (మాంసం వద్దు, చేప వద్దు, పంది మాంసపు ముక్కలు వద్దు) అని మూడూ విడివిడిగా చెప్పండి. పల్లెల్లో పిజ్జా, ఆమ్లెట్ దొరుకుతాయి, గుడ్డు తినకపోతే ఇంకా ఇరుకు. వంటగది ఉన్న గదులు తీసుకుని రాత్రి వంట మీరే చేసుకోవడం మంచిది, పొద్దుటి రొట్టె, సంతలో టమాటాలు, అంజూరాలు, ఆలివులు పగటికి సరిపోతాయి. ఇంటి నుంచి తెచ్చుకునేది పచ్చడి సీసా కాకుండా కారప్పొడి అయితే సంచిలో నూనె కారదు.

భోజన సమయాల్లో కూడా జాగ్రత్త అవసరం. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకే హోటళ్ళలో భోజనం పెడతారు, 2 దాటాక వెళ్ళి బతిమాలినా వంట ఆపేశామంటారు. అదే వేళకు దుకాణాలు మూస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా చిన్న ఊళ్ళలో ఏమీ దొరకదని అనుకుని ముందే కొనిపెట్టుకోండి. మంచినీళ్ళ కుళాయి కనబడకపోతే ఊరి శ్మశానానికి వెళ్ళండి, పూల మొక్కలకు నీళ్ళు పోయడానికి దాదాపు ప్రతి శ్మశానంలోనూ కుళాయి ఉంటుంది. తాగరాదని బోర్డు ఉంటే మాత్రం వదిలేయండి.

సెప్టెంబరు చివర ఎండ తగ్గి, పడవల రద్దీ తగ్గి బాగుంటుంది కానీ, వెచ్చని సముద్రం మీద నుంచి వచ్చే కుండపోత వానలకు కూడా అదే కాలం. 2018 అక్టోబరు 15న ట్రెబ్ దగ్గర ఒక్క రాత్రి వానకు ఓద్ నది పొంగి ఊరు మునిగింది, ఆ వరదలో జిల్లాలో పదిమందికి పైగా పోయారు. మెతెయో ఫ్రాన్స్ సంస్థ రోజూ ఇచ్చే రంగుల హెచ్చరిక చూసుకోండి. నారింజ రంగు వస్తే ఆ రోజు గది దాటకండి, ఎరుపు వస్తే గది ఎక్కడ ఉందో, వాగు పక్కన కాదు కదా, అది కూడా చూసుకోండి. వాగులో నీళ్ళు రోడ్డు మీదుగా పారుతుంటే ఎంత లోతు తక్కువగా కనబడినా సైకిల్‌తో దిగవద్దు.

ఇవన్నీ కలిపి నేను వేసే పథకం ఇలా ఉంటుంది. మొదటి రోజు తులూజ్ నుంచి కస్తెల్నోదరికి 65 కిలోమీటర్లు, చాలావరకు తారు దారి కాబట్టి చేయవచ్చు, గాలి ఎదురైతే రైలు. రెండో రోజు కార్కసోన్, 40 కిలోమీటర్లు, సాయంత్రం కోట చూడడానికి ఓపిక మిగలాలి. మూడో రోజు ఓంప్స్. నాలుగో రోజు మినెర్వ్ చుట్టు. ఐదో రోజు కపెస్తాంగ్, దూరం 40 కిలోమీటర్లకు పైనే, మెలికలన్నీ ఇందులోనే. ఆరో రోజు మల్పాస్ మీదుగా బెజియే, 20 కిలోమీటర్లే కాబట్టి ఆన్సెరూన్‌కు సగం రోజు ఇవ్వవచ్చు. ఏడో రోజు ఆగ్ద్ మీదుగా మర్సెయ్యాన్ తీరానికి, అక్కడి నుంచి ఒక వైపు సముద్రం, రెండో వైపు తో సరస్సు ఉన్న ఇసుక పట్టీ మీద సెత్‌కు. ఆ పట్టీ మీద సైకిళ్ళకు వేరే దారి ఉంది, ఎదురుగాలి ఉంటే మాత్రం దాక్కునేందుకు ఒక్క చెట్టు ఉండదు. సరస్సులో వరసగా కనిపించే కొయ్యల చట్రాలు ఆల్చిప్పల పెంపకానివి. ఒక రోజు తగ్గించక తప్పకపోతే మొదటి రోజు తీసేయండి, నాలుగో రోజు తీసేయకండి.

చివరిగా కాగితాలు, రైళ్ళు. మీవి భారతీయ పాస్‌పోర్టులైతే ఐర్లండ్ నివాస కార్డు షెంగెన్‌లో, అంటే ఫ్రాన్స్ ఉన్న ఉమ్మడి వీసా దేశాల్లో, చెల్లదు, వీసా వేరుగా తీసుకోవాలి, దానికి అపాయింట్‌మెంట్ ఆలస్యంగా దొరుకుతుంది. సైకిళ్ళు విమానంలో తెచ్చుకోవడం కన్నా తులూజ్‌లో అద్దెకు తీసుకుని చివర ఇచ్చేసే ఏర్పాటు చూసుకోండి, సంచులు ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చే వాళ్ళు కూడా ఉన్నారు. సైకిళ్ళతోనే తులూజ్‌కు తిరిగి రావాలంటే, సెత్‌లో ఆగే మార్సెయ్–బోర్డో దూరపు రైళ్ళలో సైకిల్‌కు కూడా విడిగా చోటు కొనాలి. ఆ చోట్లు కొన్నే ఉంటాయి, ఆదివారం సాయంత్రపు రైలుకు మనుషుల టికెట్ల కన్నా ముందు అవే అయిపోతాయి. అందుకే హోటళ్ళు బుక్ చేయకముందే తిరుగు రైలు చూసుకుని, ఆ తేదీ నుంచి వెనక్కి లెక్క పెట్టుకుంటూ రండి. చోటు దొరకకపోతే ప్రాంతీయ రైళ్ళలో నార్బోన్‌లో మారి రావచ్చు, సమయం ఎక్కువ పడుతుంది, వారం మధ్యలో అయితే ఇబ్బంది తక్కువ.